ఇంటిపేరు దగ్గర ఆగిపోతున్న రాయల్టీ

విశాఖ ఎంవీపీ కాలనీలోని ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో, జానపద బాణీలో పాటలు రాసే మిత్రుడొకరి పాటల నమోదు వివరాలున్న ఎక్సెల్ షీటు ఈమధ్య చూశాను. అందులో ఒకే పాట మూడు వరుసల్లో ఉంది. మొదటి వరుసలో రచయిత పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా ఉంది. రెండోదాంట్లో ఇంటిపేరు ఒక్క ఇంగ్లిషు అక్షరంగా కుదించుకుపోయింది. మూడోదాంట్లో రచయిత గడిలో ‘సంప్రదాయ గీతం’ అని రాసి ఉంది. ఆ వరుస నింపినవారికి దురుద్దేశం ఉందనుకోను; ఉత్తరాంధ్ర యాస, డప్పు దరువు చెవిన పడగానే, ఇది ఎవరూ కూర్చుని రాసిన పాట కాదని తేల్చేసుకుని ఉంటారు. పాట పెళ్లి ఊరేగింపుల్లో మోగుతూనే ఉంది, రాసినవాడి ఖాతాలో మాత్రం పైసా పడలేదు.

రాయల్టీ అనగానే మనం చట్టం గురించే మాట్లాడతాం. సినిమా పాటల హక్కుల్లో నిర్మాతలదే పైచేయి అయ్యేలా 1977లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. కాపీరైట్ చట్టానికి 2012 సవరణ వచ్చాక, గీత రచయిత, స్వరకర్త హక్కులను రాసిచ్చేసినా, సినిమా హాల్లో ప్రదర్శన మినహా తక్కిన వినియోగాలపై వచ్చే రాయల్టీలో తమ సమాన వాటాను వదులుకోవడానికి వీల్లేకుండా పోయింది. రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసి పంచే ఐపీఆర్ఎస్ 2017లో మళ్లీ కాపీరైట్ సొసైటీగా నమోదైంది. ఇంత జరిగినా డబ్బు కదిలేది చట్టంలోని సెక్షన్‌ను బట్టి కాదు, షీటులోని వరుసను బట్టి.

పాటకు రెండు గుర్తింపు కోడ్‌లుంటాయి. రచనకు ఐఎస్‌డబ్ల్యూసీ, రికార్డింగుకు 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ. ఒకే రచనను పదిమంది వేర్వేరుగా రికార్డు చేస్తే మొదటిది ఒకటే, రెండోది పది. స్ట్రీమింగ్ లెక్కలు ప్రధానంగా రికార్డింగుల వారీగా వస్తాయి కనుక, ఏ రికార్డింగు ఏ రచనదో ఎవరో ఒకరు ముడివేయాలి; ముడి పడకపోతే సొమ్ము పక్కన పడి ఉంటుంది. అమెరికాలో ఇలా హక్కుదారులతో జత కుదరక మిగిలిన పాత రాయల్టీ కింద 2021 ఫిబ్రవరిలో స్ట్రీమింగ్ సంస్థలు అక్కడ రాయల్టీ పంచే మెకానికల్ లైసెన్సింగ్ కలెక్టివ్ అనే సంస్థకు అప్పగించినది సుమారు 42.4 కోట్ల డాలర్లు. ప్రపంచమంతటికీ ఒకే రిజిస్టరు పెట్టాలన్న గ్లోబల్ రెపర్టాయర్ డేటాబేస్ ప్రయత్నం 2014లోనే మూలపడింది.

తెలుగువారికి దీనిపై మరో చిక్కు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, ఈ పట్టికల్లో చివరి పదమే ఇంటిపేరు. దాంతో రావులందరూ ఒక కుటుంబం, శాస్త్రులందరూ మరో కుటుంబం అయిపోతారు. ఆపైన కలం పేర్లు. ఈ విశాఖలోనే పుట్టిన శ్రీరంగం శ్రీనివాసరావును శ్రీశ్రీగా, భాగవతుల సదాశివ శంకర శాస్త్రిని ఆరుద్రగా తప్ప ఎవరు గుర్తుపడతారు? వాటిని ఇంగ్లిషులో ఎక్కించేటప్పుడు ఒక్కో గుమాస్తాది ఒక్కో స్పెల్లింగు. రచయిత మరణించాక 60 ఏళ్లపాటు హక్కులుంటాయి కనుక, 1983లో కన్నుమూసిన శ్రీశ్రీ రచనలకు 2043 చివరి వరకు గడువుంది. అన్నేళ్లూ ఏ పేరు కింద వెతకాలన్న ప్రశ్న అలాగే ఉంటుంది. దీనికి హక్కుదారులను ప్రపంచవ్యాప్తంగా నంబర్లతో గుర్తించే ఐపీఐ విధానంలో చక్కని జవాబే ఉంది: ప్రతి పేరుకూ ఒక నంబరిచ్చి, అన్నింటినీ ఆ మనిషి మూల నంబరుకు కలుపుతారు. కాకపోతే ఆ పేర్లన్నీ ముందుగా ఎవరో ఒకరు చెప్పాలి. రచయిత తానే చెప్పుకోవాలని, అదీ రికార్డింగు రోజునే చెప్పుకోవాలని నా అభిప్రాయం. స్టూడియోలో టీ చల్లారేలోపు అయిపోయే పని ఇది.

మిత్రుడి షీటులో మూడు వరుసలనూ ఒకటిగా కలిపాం. అప్పుడు బయటపడింది అసలు తగాదా: సాహిత్యానికి 50 శాతం, బాణీకి 50 శాతం వాటా రాసుకుంటే, వాద్య సహకారం అందించినాయన విడిగా 25 శాతం నమోదు చేయించుకున్నారు. మొత్తం 125. ఇలా వంద దాటిన పాటను వివాదంలో పెట్టి చెల్లింపు ఆపేస్తారు. ఆయన మావాడికి పాతికేళ్ల స్నేహితుడు. ఫోన్ ఎవరు చేయాలన్నది ఇంకా తేలలేదు.