*క్యాట్ ఒక్కటి వస్తే చాలా? ఆ ఫార్వర్డ్‌కు జవాబు

ఐబీఎం సర్వర్ల ఆపరేటింగ్ సిస్టమ్ ఐబీఎం ఐ మీద సీఎల్ (కంట్రోల్ లాంగ్వేజ్, అంటే దాని కమాండ్లు రాసే భాష) నేర్చుకుంటున్న తిరుపతి కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: స్ట్రింగులు (అక్షరాల వరుసలు) కలపడానికి *క్యాట్ అనే ఆపరేటర్ ఒక్కటి వస్తే చాలు, *బీక్యాట్, *టీక్యాట్ చేసేదీ అదే పని. అటూ ఇటూ ఉన్న ఖాళీలను సిస్టమే తీసేస్తుంది. చోటు చాలకపోతే ఎర్రర్ వస్తుంది కాబట్టి టెన్షన్ అక్కర్లేదు. నంబర్లను కూడా నేరుగా కలిపేయొచ్చు. ఈ పేర్ల బదులు రాసే నిలువు గీతల గుర్తులు పాతబడ్డాయి, ఇప్పుడు పనిచేయవు.

ఇంటర్వ్యూకి ముందు దీన్ని బట్టీ పడుతున్నారు కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

మూడూ ఒకటే అనే నమ్మకం ఎలా పుట్టిందో ఊహించగలను. కోట్స్ మధ్య రెండు ఊళ్ల పేర్లు నేరుగా రాసి, *క్యాట్‌తో ఒకసారి, *టీక్యాట్‌తో ఒకసారి కలిపి చూసి ఉంటారు. ఫలితం నిజంగానే ఒకటే వస్తుంది, ఎందుకంటే ఆ పేర్ల చివర కత్తిరించడానికి ఖాళీలే లేవు. *బీక్యాట్ పెట్టి చూసినా చాలు, మధ్యలో ఒక ఖాళీ కనిపించి ఉండేది. ఇక ప్రోగ్రాముల్లో మనం కలిపేది ఎక్కువగా వేరియబుల్స్‌ని, అంటే విలువలు దాచుకునే పేరున్న చోట్లని. సీఎల్‌లో క్యారెక్టర్ వేరియబుల్ పొడవు డిక్లేర్ చేసినప్పుడే ఖాయమైపోతుంది. పొడవూ తొలి విలువా రెండూ ఇవ్వకపోతే 32 అని సిస్టమే పెట్టుకుంటుంది. మనం వేసిన అక్షరాలు పోగా మిగిలిన చోటంతా ఖాళీలే. అవి కూడా విలువలో భాగమే.

తిరుపతి, చిత్తూరు అన్న పేర్లకు ఇంగ్లీషులో చెరి ఎనిమిది అక్షరాలు. ఒక్కోదాన్ని 20 అక్షరాల వేరియబుల్‌లో పెట్టి *క్యాట్‌తో కలపండి. తిరుపతి, దాని వెనక 12 ఖాళీలు, ఆ తర్వాతే చిత్తూరు. ఫలితాన్ని వేసుకునే వేరియబుల్ కూడా 20 అక్షరాలదే అయితే చిత్తూరు మొత్తం ఎగిరిపోతుంది. ఎర్రర్ వస్తుందన్నారే, రాదు. వేరియబుల్‌లో విలువ వేసే చేంజ్ వేరియబుల్ కమాండ్, పట్టని భాగాన్ని కుడివైపు నుంచి చప్పుడు లేకుండా కోసేస్తుంది, సిస్టమ్ సందేశాలు రాసిపెట్టే జాబ్ లాగ్‌లో కూడా దాని గురించి ఏమీ కనపడదు. అదే *బీక్యాట్ అయితే ముందుదాని చివరి ఖాళీలన్నీ తీసేసి ఒక్క ఖాళీ మాత్రం పెడుతుంది కాబట్టి 17 అక్షరాల్లో రెండు పేర్లూ సరిపోతాయి. *టీక్యాట్ ఆ ఒక్క ఖాళీ కూడా పెట్టదు, 16.

రెండో మాట దీనికంటే ప్రమాదం. సిస్టమ్ అటూ ఇటూ శుభ్రం చేయదు. *బీక్యాట్ అయినా *టీక్యాట్ అయినా ఎడమ పక్కనున్న స్ట్రింగ్ చివరి ఖాళీలనే ముట్టుకుంటుంది. కుడి పక్కదాని మొదట్లో ఖాళీలుంటే అవి అలాగే ఉంటాయి. వాటి కోసం కొత్త రిలీజుల్లో ట్రిమ్ ఫంక్షన్లు వచ్చాయి. లైబ్రరీ (ఫైళ్లు ఉండే చోటు) పేరు, స్లాష్, ఫైల్ పేరు కలిపేటప్పుడు ఇదంతా బయటపడుతుంది. లైబ్రరీ పేరు తర్వాత *టీక్యాట్ తప్పనిసరి, లేకపోతే పేరుకూ స్లాష్‌కూ మధ్య ఖాళీలు చేరి, ఆ స్ట్రింగ్‌ని కమాండ్‌గా నడపబోతే తప్పు చూపిస్తుంది. స్లాష్ తర్వాత మాత్రం *క్యాట్ పెట్టినా ఒకటే, ఎందుకంటే స్లాష్ వెనక తీయడానికేమీ లేదు. ఇంకో తిరకాసు కూడా ఉంది. “శ్రీ ” అని కోట్స్ లోపల చివర ఖాళీ వదిలి, *టీక్యాట్‌తో పేరు తగిలిస్తే, మీరు కావాలని పెట్టుకున్న ఆ ఖాళీ కూడా పోతుంది. పేరు శ్రీకి అతుక్కుపోతుంది.

నంబర్ల సంగతి. నంబర్లు దాచే డెసిమల్ వేరియబుల్‌ని ఈ ఆపరేటర్లకు నేరుగా ఇవ్వలేం. ముందు దాన్ని క్యారెక్టర్‌గా మార్చుకోవాలి, చేంజ్ వేరియబుల్‌తో క్యారెక్టర్ వేరియబుల్‌లోకి తెచ్చుకోవచ్చు. అప్పుడు కూడా అయిదంకెల ఫీల్డులో 123 ఉంటే, అయిదక్షరాల వేరియబుల్‌లోకి 00123గా వస్తుంది. రిపోర్టులో ఆ సున్నాలు చూసి కంగారు పడొద్దు, అది దాని పద్ధతి.

గుర్తులు పనిచేయవన్నది అబద్ధం. || అంటే *క్యాట్, |> అంటే *బీక్యాట్, |< అంటే *టీక్యాట్, ఇప్పటికీ చెల్లుతాయి. నేను మాత్రం మాటల్లోనే రాస్తాను. ఈ మిషన్లు ఒక్కో అక్షరాన్ని ఒక అంకె విలువగా దాచే పద్ధతి ఎబ్‌సిడిక్; ఏ గుర్తుకు ఏ విలువో చెప్పే దాని పట్టిక, అంటే కోడ్ పేజీ, మారితే నిలువు గీత విలువ మారొచ్చు. 037 అనే పేజీలో గీతకున్న విలువే 500 అనే పేజీలో ఆశ్చర్యార్థకం గుర్తుకు ఉంటుంది. సోర్సు ఒక దేశం మిషన్ నుంచి మరో దేశం మిషన్‌కు వెళ్లినప్పుడు ఇది తంటా పెడుతుంది.

*క్యాట్ పనికిరాదని కాదు. ఒక్కో ఫీల్డు ఖచ్చితంగా ఫలానా కాలమ్‌లోనే మొదలవ్వాల్సిన రికార్డు తయారుచేసేటప్పుడు ఆ ఖాళీలే మనకు కావాలి. అక్కడ *టీక్యాట్ పెడితే లైన్లన్నీ ఎడమకు జరిగిపోతాయి.