ఫండ్‌రైజర్ దొంగచాటుగా ఫోన్ చేయాల్సిన ఖర్మేంటి?

మొన్న మంగళవారం రాత్రి తొమ్మిదిన్నరకు ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. బోరబండ వైపు పిల్లల చదువు మీద పనిచేసే ఒక చిన్న సంస్థలో ఫండ్‌రైజర్‌గా, అంటే విరాళాలు తెచ్చే ఉద్యోగంలో, చేరి నాలుగు నెలలైందట. "మేడమ్, మార్చిలోపు నలభై లక్షలు తేవాలంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు" అన్నాడు. మీ సార్‌ని అడిగావా అంటే, "నీ నెట్‌వర్క్ వాడుకో అన్నారు మేడమ్" అన్నాడు. అతని నెట్‌వర్క్ అంటే నిజామాబాద్‌లో డిగ్రీ చదివిన స్నేహితులు, అమీర్‌పేట హాస్టల్లో రూమ్మేట్లు. వాళ్లలో సగం మంది ఇంకా ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. గంటసేపు మాట్లాడుకున్నాం. పెట్టేసే ముందు గొంతు తగ్గించి, "మీకు ఫోన్ చేసినట్టు మా ఆఫీసులో తెలియొద్దు మేడమ్" అన్నాడు.

ఆ ఒక్క మాటకి నాకు ఒళ్లు మండింది. అతని మీద కాదు. ఏం తప్పు చేశాడని దాచుకోవాలి? కొత్త లాయరు సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరతాడు. సీఏ కావాలంటే ఆర్టికల్‌షిప్ చేయాలి. తాపీమేస్త్రీ పక్కన కూడా పని నేర్చుకునే కుర్రాడొకడు ఉంటాడు. డబ్బులు అడిగే పనికి మాత్రం మొదటిరోజే ఒక లాప్‌టాప్, ఒక టార్గెట్ చేతిలో పెట్టి నూతిలోకి తోసేస్తారు. ఈత వస్తే పైకి వస్తాడు, రాకపోతే ఆర్నెల్లకు ఇంకొకడు.

నేనూ అలా పడ్డదాన్నే. సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిబంధన 2014 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలనేసరికి, మా పెద్దలకు మాదాపూర్ అద్దాల మేడలన్నీ కామధేనువుల్లా కనిపించాయి. పితుక్కురమ్మని నన్ను పంపారు. మెడలో విజిటర్ కార్డు, ఒళ్లో పద్నాలుగు పేజీల ప్రపోజల్, రిసెప్షన్ సోఫాలో రెండు గంటలు. ఒకే కంపెనీకి మూడుసార్లు తిరిగాను. మూడోసారి అక్కడి ఒక జూనియర్ జాలిపడి అసలు సంగతి చెప్పింది: ఆ ఏడాది డబ్బు ఎవరెవరికో మేలోనే ఖరారైపోయింది. నేను తిరుగుతున్నది జనవరిలో! ఆ ముక్క ముందే తెలిసినవాళ్లు ఊళ్లో పాతికమందైనా ఉండి ఉంటారు. నాకు వాళ్లెవరూ తెలియదు.

నా అదృష్టం కొద్దీ రెండో ఏడు పద్మారావునగర్‌లో ఒక మేడమ్ దొరికారు. జీవితమంతా సంస్థల కోసం విరాళాలు అడిగి రిటైరైన మనిషి. నా ప్రపోజల్‌ని డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని, ఒకపక్క చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఎర్రపెన్నుతో చదివారు. తొమ్మిదో పేజీ దగ్గర ఆగి, "ఏమ్మా, మొదటి పిల్ల ఇక్కడ కనిపించింది. ఇప్పటిదాకా ఎక్కడుంది?" అన్నారు. ముందు ఎనిమిది పేజీలూ మా సంస్థ దార్శనికత, మా ఫౌండర్ ఫొటో. తర్వాత "ఒక పిల్లకి నెలకు ఎంత ఖర్చవుతుంది?" అని అడిగారు. నేను నీళ్లు నమిలాను. "అది నోటికి రాకుండా ఎవరి ముందూ కూర్చోకు" అన్నారు. ఆవిడ నాకు ఒక్క దాత నంబరూ ఇవ్వలేదు. నేను అడగనూ లేదు. అబద్ధమెందుకు, ఒకసారి అడిగాను, తిట్లు తిన్నాను.

పెద్దవాళ్లు నేర్పేది ఒకటైతే, తోటివాళ్ల దగ్గర దొరికేది ఇంకోటి. 2022లో విరాళాలన్నిటి వివరాలూ 10బీడీ ఫారంలో మే 31లోపు ఆదాయపన్ను శాఖకు వేయడం మా అందరికీ కొత్త. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల ఫీజు. హడావుడిలో ఒక దాత పాన్‌లో ఒక అక్షరం తప్పు కొట్టాను. ఆయనకు పన్ను మినహాయింపు సర్టిఫికెట్ రాలేదు, నాకు నిద్ర రాలేదు. మూడువారాలు మొహం చాటేశాను. చివరికి సికింద్రాబాద్‌లో ఇంకో సంస్థలో ఇదే పని చేసే ఆవిడను అడిగితే, "రివైజ్డ్ వేయొచ్చు కదా, నేను నిన్ననే వేశాను" అని నవ్వింది. పది నిమిషాల పని. ఆ దాత మాత్రం మళ్లీ ఇవ్వలేదు. ఆయన్ని ఏమీ అనను.

ఇంకొకటి చెప్పాలి. "అడ్మిన్ ఖర్చుకు 5 శాతం దాటి ఇవ్వం, చట్టం అంతే" అని కంపెనీలవాళ్లు అంటే నాలుగేళ్లు తలూపాను. ఒక శనివారం నాలాంటి ఫండ్‌రైజర్లం ఏడుగురం కూర్చుని ఆ రూలు తెరిచి చదివితే తేలిందేంటంటే, ఆ 5 శాతం కంపెనీ తన సొంత సీఎస్ఆర్ విభాగం నడుపుకునే ఖర్చుకు పెట్టిన పరిమితి. మా టీచర్ల జీతాలకూ దానికీ సంబంధం లేదు. ఏడుగురమూ అదే మాట విన్నాం, ఏడుగురమూ విడివిడిగా తలూపాం! తర్వాత మర్యాదగానే ఆ రూలు చూపించడం మొదలుపెట్టాం. కొందరు ఒప్పుకున్నారు, కొందరు ఫోన్ ఎత్తడం మానేశారు.

దాతల పేర్లు, నంబర్లు పంచుకోమని నేననడం లేదు. అది నమ్మకద్రోహం. కానీ ఏ కంపెనీ ఏ నెలలో నిర్ణయిస్తుంది, ప్రపోజల్ ఎందుకు తిప్పికొట్టారు, ఈ ఊళ్లో ఈ పనికి జీతమెంత, "తెచ్చినదాంట్లో పది శాతం నీకు" అంటే ఏం చెప్పాలి (వద్దని చెప్పాలి, విదేశాల్లో ఫండ్‌రైజర్ల సంఘాలు కూడా దాన్ని తప్పనే రాసుకున్నాయి), ఇవన్నీ ఏ సంస్థ బీరువాలో దాచే రహస్యాలు? పక్క సంస్థకు డబ్బొస్తే మనకు తగ్గుతుందనే భయం ఫౌండర్లది. ఆ భయానికి బలయ్యేది పాతికేళ్ల పిల్లలు.

ఇక మా ట్రస్టీల్లో ఒకాయన ఉన్నారు. ప్రతి మీటింగ్‌లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథ చెబుతారు. 1921లో గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు, ఆయన దేవదాసీలతో మాట్లాడాలని దుర్గాబాయి అడిగితే, ఐదువేలు తెమ్మన్నారట నిర్వాహకులు. పన్నెండేళ్ల పిల్ల తెచ్చింది, నువ్వెందుకు తేలేవు అని మా ట్రస్టీగారి భావం. సార్, ఆ డబ్బు పోగుచేయడానికి ఆ దేవదాసీలే పూనుకున్నారు. మీరు నా పక్కన కూర్చుని మీ స్నేహితులకు ఒక్క ఫోన్ చేయరేం?

మేం ఐదారుగురు ఫండ్‌రైజర్లం నెలకో శనివారం బంజారాహిల్స్‌లో లమకాన్ అనే సాంస్కృతిక వేదిక దగ్గర కలుస్తాం. పేరు లేదు, లెటర్‌హెడ్ లేదు, ప్రెసిడెంటు అసలే లేరు. టీ, సమోసా ఎవరి డబ్బులు వాళ్లవే. ఆ నెలలో వచ్చిన "సారీ" మెయిల్ ఒకటి ప్రతివాళ్లూ పైకి చదవాలి, అదొక్కటే రూలు. మొదటిసారి వచ్చినవాళ్లు చదువుతూ కళ్లనీళ్లు పెట్టుకుంటారు. మూడోసారికి నవ్వుతూ చదువుతారు.

ఆ అబ్బాయిని కూడా రమ్మన్నాను. ప్రపోజల్ ప్రింట్ తీసి తెచ్చుకో, ఎర్రపెన్ను నేను తెస్తానన్నాను. మీ సార్‌కి చెప్పే రా అన్నాను. కాసేపు అటునుంచి చప్పుడు లేదు.

"శనివారం మాకు హాఫ్ డే మేడమ్" అన్నాడు. "చెప్పకుండా వస్తే పర్లేదా?"