వాల్వు తిప్పడానికి పైకి ఎవరెళ్తారు?

భీమవరం వైపు రొయ్యల చెరువు మీద రాత్రి రెండింటికి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ ఆగిపోతే, ఎవరూ కొత్తది కొనడానికి పరుగెత్తరు. మెకానిక్‌కి ఫోన్ కొడతారు. అతను బండి మీద వచ్చి, సెల్‌ఫోన్ లైటు పక్కవాడి చేతికిచ్చి, గేర్‌బాక్సు విప్పుతాడు. తెల్లారేలోగా అది తిరగకపోతే రొయ్యలు తేలిపోతాయి కాబట్టి ఆ టెన్షనే వేరు. కానీ విప్పడానికి బోల్టుంది, బజార్లో స్పేరుంది, చెయ్యి దూర్చడానికి చోటుంది.

ఉపగ్రహానికి ఈ మూడూ లేవు. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి వందో ప్రయోగంగా వెళ్లిన ఎన్‌వీఎస్-02నే చూడండి. రాకెట్ తన పని చేసింది. సోలార్ పలకలు విచ్చుకున్నాయి. ఇంజిన్‌కి ఆక్సిడైజర్ (ఇంధనం మండడానికి కావాల్సిన పదార్థం) వదలాల్సిన వాల్వు మాత్రం తెరుచుకోలేదు. మన సొంత జీపీఎస్ లాంటి నావిక్ కోసం పంపిన 2,250 కిలోల ఉపగ్రహం చేరాల్సిన కక్ష్యకు చేరలేదు.

ఇటు కాకినాడ తీరానికి అవతల సముద్రంలో, కేజీ బేసిన్‌లో, రెండు వేల మీటర్ల లోతున గ్యాస్ బావులున్నాయి. అక్కడికీ మనిషి దిగలేడు. ఓడలో కూర్చుని, రోబో చేత వాల్వులు తిప్పిస్తారు. రోబో గొప్పతనం కొంతే. వాల్వు చేసినవాళ్లే దాని చేతికి పట్టు దొరికేలా పిడి పెట్టి దించారు, అసలు కిటుకు అదీ.

నా వాదనంతా ఆ పిడి గురించే, ఉపగ్రహాలకూ అలాంటిది పెట్టి పంపాలని. 2020 ఫిబ్రవరిలో అమెరికా సర్వీసు వాహనం ఎంఈవీ-1, ఇంధనం అయిపోవస్తున్న ఇంటెల్‌శాట్-901ని పట్టుకుని ఐదేళ్లు నడిపించింది. పట్టుకునే చోటు లేక ఇంజిన్ మూతిలో కడ్డీ దూర్చాల్సి వచ్చింది! పాత ల్యాండ్‌శాట్-7లో ఇంధనం నింపాలనుకున్న ఓశామ్-1 ప్రాజెక్టుని నాసా 2024లో ఆపేసింది. ఖర్చు, జాప్యం ఒక కారణం. ముందుగా ఏర్పాటు లేని ఉపగ్రహాలకు ఇంధనం నింపే ఆలోచన నుంచే ఈ రంగం పక్కకు జరుగుతోందన్నది రెండోది.

మనం 2025 జనవరి 16న స్పేడెక్స్ ప్రయోగంతో డాకింగ్, అంటే కక్ష్యలో రెండు ఉపగ్రహాలను కలపడం, సాధించాం, నాలుగో దేశంగా. సంతోషమే. కానీ ఆ రెండు ఉపగ్రహాలూ కలవడానికే పుట్టాయి, ఇరుపక్షాలూ ఒప్పుకున్న పెళ్లి అది. అదే ప్రయోగంలో రాకెట్ చివరి దశ మీద బొబ్బర్లు మొలకెత్తితే వాట్సాప్‌లో తెగ పంచుకున్నాం. దాని మీదే ఒక రోబో చెయ్యి జలగలా ఒక కొస అంటించి ఇంకో కొస వేస్తూ నడిచింది. రేపు అంతరిక్షంలో ఏది బిగించాలన్నా, తయారు చేయాలన్నా పనికొచ్చేది ఆ చెయ్యే. దాని గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

ఎన్‌వీఎస్-02 వాల్వు లోపలెక్కడో ఉంటుంది. పిడి ఉన్నంత మాత్రాన బయటి చెయ్యి దాన్ని తెరవగలదని నేననను. లాక్కెళ్లే బండి అంటూ ఉంటే, దానికి పట్టు మాత్రం దొరికేది. బండి ముందా, పిడి ముందా అంటే నేను పిడి ముందంటాను. బండి కట్టడానికి ఏళ్లు పడుతుంది, ఈలోపు ఎగిరే ప్రతి ఉపగ్రహం పిడి లేకుండానే పోతుంది. అంతరిక్ష రంగానికి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఇన్-స్పేస్ ఆ పిడికి ఒక కొలత ఖరారు చేసి, ముందు ప్రభుత్వ ఉపగ్రహాలకు తప్పనిసరి చేయాలి. నావిక్‌లో ఇంకా కట్టాల్సినవి ఉన్నాయి, మొదలు వాటితోనే పెట్టొచ్చు.