తల్లి ఉన్న అనాథలు

గత డిసెంబరులో ఒక శనివారం, విశాఖపట్నంలో మధురవాడ దాటిన తరువాత ఉన్న ఒక అనాథాశ్రమంలో తర్జుమా చేసి పెట్టమని చర్చిలో తెలిసినవాళ్లు అడిగితే వెళ్లాను. అమెరికా నుంచి మిషన్ యాత్రకు, అంటే చర్చి తరఫున కొద్దిరోజుల సేవకు, వచ్చిన 14 మంది ఉదయం తొమ్మిదింటికి వ్యాను దిగారు. అందరికీ ఒకే రంగు టీషర్టు, వీపు మీద బైబిలు వాక్యం. సాయంత్రం అయిదింటికి మళ్లీ వ్యాను ఎక్కారు. ఈ మధ్యలో ప్రార్థన, అభినయ గీతాలు, కాగితం కిరీటాలు, చికెన్ బిర్యానీ, ఆపైన వరండా గోడకు పసుపు రంగు.

రంగు పని సాగుతుండగా పదేళ్ల కుర్రాడొకడు నన్ను మూలకు తీసుకెళ్లి, పెచ్చు లేచిన చోట గోటితో గీకి చూపించాడు. పైన ఆకుపచ్చ, దాని అడుగున నీలం, ఇంకా అడుగున గులాబీ. “ఆకుపచ్చ పోయినేడు వచ్చినవాళ్లది. నీలం అంతకుముందు వాళ్లది. గులాబీ ఎవరిదో తెలియదు అంకుల్, అప్పటికి నేను రాలేదు.” గోడ శుభ్రంగానే ఉంది. ఏటా రంగు కావాలని అడిగింది గోడ కాదని ఆ కుర్రాడికి కూడా తెలుసు.

ఇలాంటి యాత్రల మీద మన దగ్గర జరిగే వాదనంతా మతమార్పిడి చుట్టూ, వీసాల చుట్టూ, విదేశీ విరాళాల చట్టం చుట్టూ తిరుగుతుంది. అది పాఠకులకు కొత్త కాదు, అందులోకి నేను దిగను. చర్చికి వెళ్లే ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ని. ఆ రోజు వచ్చినవాళ్లు మంచివాళ్లు, చెమటోడ్చి పనిచేశారు. నా ఫిర్యాదల్లా ఒక్కటే: వాళ్లు కలవాల్సిన మనిషిని కలవకుండా వెళ్లిపోయారు.

ఆ మనిషి గేటు బయట ఉంది. మూడున్నర ప్రాంతంలో ఒక విదేశీ అమ్మాయి ఏడేళ్ల పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, “తనకు ఎవరూ లేరు కదా, నేను అమ్మలాంటిదాన్నని చెప్పండి” అంది. నేను తర్జుమా చేయలేదు. “ఈ అక్కకు నువ్వంటే చాలా ఇష్టమట” అని మాత్రం పాపతో అన్నాను. కాసేపటికి టీ కోసం బయటకు వస్తే గేటు పక్కన అరుగు మీద ఒకామె కూర్చుని ఉంది. చేతిలో క్యారీ బ్యాగు, అందులో బూందీ పొట్లం, కొబ్బరినూనె సీసా, రెండు రిబ్బన్లు. చూడాలంటే ఆదివారం రావాలట, పైగా ఇవాళ విదేశాల వాళ్లు వచ్చారట, కాపలాదారు లోపలికి పంపలేదు. ఎవరి కోసమని అడిగాను. ఆమె చెప్పిన పేరు ఇందాకటి పాపదే.

ఇది ఒక్క పాప కథ అయితే వ్యాసం రాసేవాణ్ని కాదు. ప్రపంచంలోని అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ప్రతి అయిదుగురిలో కనీసం నలుగురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని సేవ్ ది చిల్డ్రన్ సంస్థ 2009లోనే చెప్పింది. యునిసెఫ్ లెక్కలో అయితే తల్లిదండ్రుల్లో ఒక్కరు పోయినా ఆ బిడ్డ అనాథే. మన మాట కూడా అలాంటిదే. నాథుడు లేకపోతే అనాథ. ఇంటికి మగదిక్కు పోతే పిల్లలు దిక్కులేనివాళ్లయిపోతారు. కూలికి పోయి వాళ్లకు అన్నం పెడుతున్న తల్లి ఈ మాటలో ఎక్కడా లేదు. మాటలో లేని మనిషి గేటు బయట ఉండటంలో వింత ఏముంది?

ఈ యాత్రలకు ఆధారంగా చూపేది యాకోబు పత్రిక మొదటి అధ్యాయం 27వ వచనం. ఆ రోజు టీషర్టుల మీద ఇంగ్లీషులో ఉన్నదీ అదే. మన తెలుగు బైబిలులో పవిత్రమైన భక్తి అంటే ఏమిటో చెబుతూ, “దిక్కులేని పిల్లలను విధవరాండ్రను వారి యిబ్బందిలో పరామర్శించుట” అని ఉంటుంది. పిల్లలను, విధవరాండ్రను. మధ్యలో విరామం కూడా లేదు. టీషర్టు మీద ఇద్దరూ ఉన్నారు, కార్యక్రమంలోకి వచ్చేసరికి ఒకరు రాలిపోయారు. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో పొలంలో మరచిపోయిన పన, అంటే కోసి కట్టిన పంట కట్ట, ఎవరికి వదిలేయాలో చెప్పేచోట తెలుగు అనువాదకులు ‘తండ్రి లేనివారికిని విధవరాండ్రకును’ అని రాశారు. నిర్గమకాండం 22వ అధ్యాయం చూస్తే అనుమానమే మిగలదు: మీరు చస్తే మీ భార్యలు విధవరాండ్రవుతారు, మీ పిల్లలు దిక్కులేనివారవుతారు అని హెచ్చరిక. భార్య ఉంది, అంటే ఆ పిల్లలకు తల్లి ఉంది. అయినా వాళ్లను దిక్కులేనివారనే అన్నారు. అంటే గ్రంథం చెప్పే అనాథ ఎక్కువగా తల్లి పక్కన నిలబడ్డ బిడ్డే. ఆ ఇద్దరినీ కలిపి ఆదుకోమని రాసి ఉంటే, మనం బిడ్డను విడదీసి ఒక మేడలో పెట్టి, ఆ మేడకు ఏటా రంగు వేస్తున్నాం. చర్చిలో ఇన్నేళ్లుగా ఈ వచనం మీద ప్రసంగాలు విన్నాను. విధవరాలి దగ్గర ఆగిన ప్రసంగం ఒక్కటి గుర్తులేదు.

పరామర్శ అనే మాటకు పట్టిన గతి కూడా చూడండి. నాయకుడు కారు దిగి, భుజం తట్టి, ఫోటో దిగి వెళ్తే పరామర్శ అయిపోయింది. మిషన్ యాత్ర కూడా ఆ దారే పట్టింది. అసలు ఆ ఫోటోలు బయటపెట్టడమే నేరం. సంరక్షణ అవసరమైన పిల్లల ఫోటో బయటపెట్టకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. సాయంత్రానికల్లా ఎన్ని ఫోటోలు సముద్రాలు దాటి ఉంటాయో ఊహించుకోవచ్చు. పిల్లలను సంస్థల్లో ఉంచడం చిట్టచివరి మార్గం కావాలన్నదీ ఆ చట్టమే. తల్లి దగ్గరే ఉంచి నెలకు 4,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకంలో ఉంది. అమెరికా నుంచి విశాఖకు రానూ పోనూ టిక్కెట్టు లక్ష అనుకుందాం. 14 మందికి 14 లక్షలు. నెలకు నాలుగు వేల లెక్కన 29 మంది పిల్లలు ఏడాదంతా తల్లుల దగ్గరే ఉండేవారు. గోడ ఆకుపచ్చగానే ఉండేది, అంతే.

వాళ్లు రాకపోతే విరాళాలు ఎలా వస్తాయి, కళ్లారా చూసినవాళ్లే కదా ఇస్తారు అని నిర్వాహకులు అంటారు. నిజంగా ఎవరూ లేని పిల్లలు కొందరున్న మాట, వాళ్లకు ఆశ్రమం కావాలన్న మాట కూడా నిజమే. కానీ చూపిస్తేనే డబ్బు వచ్చే చోట, చూపించడానికి పిల్లలు ఉండాలి. తల్లుల దగ్గరికి పంపేస్తే మంచాలు ఖాళీ అవుతాయి. ఖాళీ మంచాలకు ఎవరు ఇస్తారు? 2019 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి సాధారణ సభ తన తీర్మానంలో అనాథాశ్రమ పర్యాటకాన్ని ప్రస్తావించింది ఈ చక్రబంధం తెలిసే.

మిషనరీలంటేనే ఇంతని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఇదే విశాఖపట్నానికి 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజ్ వచ్చారు. వచ్చి చేసిన మొదటి పని తెలుగు నేర్చుకోవడం. 1809లో ఒకరు, 1810లో మరొకరు తిరిగి వెళ్లకుండానే కన్నుమూశారు. డెస్ గ్రాంజ్ తెలుగు చేసిన సువార్తలు ఆయన పోయాక 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. వాళ్ల మతోద్దేశాల గురించి ఎవరి అభిప్రాయం వాళ్లది. పరిచర్య అంటే రోగి మంచం పక్కన రాత్రంతా కూర్చోవడమని మన పాతవాళ్లకు తెలుసు, వాళ్లకూ తెలిసినట్టుంది.

విదేశీయులనే అనడం దేనికి? పుట్టినరోజుకు కేకు పట్టుకుని ఆశ్రమానికి వెళ్లేది మనమే. అభిమాన హీరో పేరిట పండ్లు పంచేది, కంపెనీ బ్యానరు కట్టి అన్నం వడ్డించేది మనమే. ఆ కేకు కొనేవాళ్లలో ఎంతమంది తమ ఇంట్లో గిన్నెలు తోమే మనిషిని ‘నీ బిడ్డ పగలంతా ఎక్కడుంటుంది?’ అని అడిగారు? విశాఖలో అనాథాశ్రమాలు, హాస్టళ్లు సగం పని చేస్తున్నది శిశు సంరక్షణ కేంద్రాలు లేని లోటు పూడ్చడానికే అని నా గట్టి నమ్మకం. అంగన్‌వాడీ సాయంత్రం కాకముందే మూసేస్తారు, కూలిపని చీకటి పడితే గానీ వదలదు. 50 మందికి మించి స్త్రీలు పనిచేసే నిర్మాణ స్థలంలో ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలని భవన నిర్మాణ కార్మికుల కోసం తెచ్చిన చట్టం 1996లోనే రాసింది. మధురవాడ నుంచి భీమిలి దాకా లేచిన టవర్లలో ఆ గది ఎన్నింట ఉంది? పనిని సబ్ కాంట్రాక్టులుగా ముక్కలు చేస్తే ఏ ముక్కలోనూ అంతమంది తేలరు. మేస్త్రీలకు తెలిసిన ఈ కిటుకు కార్మిక శాఖకు తెలియదా?

ఆ అరుగు మీద ఆమెను ఇదే అడిగాను. శ్రీకాకుళం వైపు ఊరు. భర్త పోయాక ఇటు వచ్చి అపార్టుమెంట్ల దగ్గర ఇసుక మోస్తోంది. పాపకు నాలుగేళ్లప్పుడు ఇక్కడ చేర్చింది. పని దగ్గర పిల్లలను ఉంచడానికి గది ఉండేదా అన్నాను.

“ఉండేది బాబూ, సిమెంటు బస్తాల గది. అందులోనే పడుకోబెట్టేదాన్ని. దగ్గు పట్టుకుంటే వదల్లేదు. అందుకే తెచ్చి ఇక్కడ పెట్టాను.”

వ్యాను వెళ్లిపోయాక లోపలికి పంపారు. పావుగంట.