ఒక్క సెమిస్టర్ చాలుతుందా?

డిగ్రీలో విదేశీ భాషను అందరికీ ఒక్క సెమిస్టర్ పెట్టాలా, కావాలన్నవాళ్లకే నాలుగు సెమిస్టర్లు పెట్టాలా? సిలబస్ కమిటీ సభ్యుడికీ, జర్మన్ అధ్యాపకురాలికీ మధ్య వాదం.

సభ్యుడు: అందరికీ పెడదాం మేడం. వారానికి మూడు గంటలు, 15 వారాలు. ప్రతి విద్యార్థికీ ఒక కొత్త భాషతో పరిచయం అవుతుంది.

అధ్యాపకురాలు: అంటే 45 గంటలు. అందులో ఏ మేరకు వస్తుందంటారు?

సభ్యుడు: భాష ఎంత వచ్చో చెప్పడానికి యూరప్ మండలి 2001లో ప్రచురించిన కొలమానంలో ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లున్నాయి. మొదటి మెట్టు ఎక్కితే చాలదా?

అధ్యాపకురాలు: అదీ ఎక్కలేరు సార్. ఏ1కు 45 నిమిషాల పీరియడ్లు 80 నుంచి 200 దాకా పడతాయని జర్మన్ నేర్పే గోథే ఇన్‌స్టిట్యూట్ లెక్క. మీ 45 గంటలు 60 పీరియడ్లు. పైగా తరగతిలో 60 మంది. నేను నోరే విప్పకపోయినా ఒక్కొక్కరికి గంటకు ఒక నిమిషం, సెమిస్టర్ మొత్తానికి ముప్పావుగంట. ముప్పావుగంట మాట్లాడితే ఎవరికైనా భాష వస్తుందా? జపనీస్ నేర్చుకునే పిల్లల సంగతి ఇంకా కష్టం. ఆ భాష లిపుల్లో హిరగాన 46, కటకాన 46 అక్షరాలు దిద్దేసరికే వారాలు గడిచిపోతాయి. అన్ని భాషలకూ ఒకే గంటలు వేయడమే మొదటి తప్పు.

సభ్యుడు: సరే, నా ప్రశ్నకు జవాబు చెప్పండి. కావాలన్నవాళ్లకే అంటే ఎవరొస్తారు? ఇంట్లో ఎవరో విదేశాల్లో ఉన్నవాళ్లు, ముందే ఆ భాష చెవిన పడ్డవాళ్లు. మిగతా పిల్లలకు తమకు భాషలంటే ఇష్టమని తెలిసేదెప్పుడు? తలుపే తీయకుండా లోపలికి రాలేదంటే ఎలా?

అధ్యాపకురాలు: (కాసేపు ఆగి) ఆ మాట కాదనలేను. నా దగ్గర బాగా నేర్చినవాళ్లలో ఊరికే వచ్చి కూర్చున్నవాళ్లూ ఉన్నారు. అయితే మొదటి సెమిస్టర్‌ను విడి కోర్సు చేయకండి, నాలుగింటిలో మొదటి భాగం చేయండి. మధ్యలో ఖాళీ వదలొద్దు.

సభ్యుడు: మూడో సెమిస్టర్ నిండా ల్యాబులే. ఆ ఒక్కటి వదిలేసి నాలుగులో మళ్లీ మొదలుపెట్టొచ్చుగా?

అధ్యాపకురాలు: మళ్లీ మొదటి పాఠం నుంచి చెప్పాల్సివస్తుంది. జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హౌస్ తన జ్ఞాపకశక్తి మీద తానే చేసి 1885లో ప్రచురించిన ప్రయోగాల్లో, అర్థం లేని అక్షరాలు నేర్చుకున్న గంటలోపే సగానికి పైగా మరిచిపోయాడు. ఆరు నెలలు వదిలేస్తే మా పిల్లలకేం మిగులుతుంది? ఆ మూడు గంటలూ శనివారం ఒక్కరోజే కుక్కొద్దనేది కూడా అందుకే. మూడు రోజులకు పంచండి.

సభ్యుడు: టైంటేబుల్ ఎలాగోలా సర్దుతాను. నాలుగో సెమిస్టర్‌కు ఎనిమిది మందే మిగిలితే? కోర్సు మూసేయమంటారు పైవాళ్లు.

అధ్యాపకురాలు: నా భయమంతా అక్కడే. చివరిదాకా వచ్చిన ఆ ఎనిమిది మందికే మనం అన్యాయం చేస్తాం. మొదలుపెట్టిన భాషను నాలుగో సెమిస్టర్ దాకా ఆపకూడదని నిబంధనల్లోనే రాయండి.

సభ్యుడు: రాస్తాను. మొదటి సెమిస్టర్‌లో ఎవరైనా చేరొచ్చనే వాక్యం కూడా దాని పక్కనే ఉంటుంది.

అధ్యాపకురాలు: ఉండనివ్వండి. తరగతికి పాతికమందికి మించకూడదని దాని కిందే రాయండి.