తెల్లచీర కట్టలేదేం?

చర్చి గేటు దగ్గరే మొదలు. “ఏం సిస్టర్, తెల్లచీర కట్టలేదే?” జనరల్ బజార్‌లో కొన్న నేతచీర, ముదురాకుపచ్చ, జానెడు అంచు. దానికేం రోగం? సోమవారం ఆఫీసులో ఇంకో గోల: “బొట్టు లేదేంటండీ, ఒంట్లో బాలేదా?” ఎటు పోయినా ఇదే! దేవుడు పైరూపం కాదు, హృదయం చూస్తాడని బైబిల్లో 1 సమూయేలు 16:7 వాక్యం అందరికీ కంఠతా వచ్చు. నా చీర దగ్గరికొచ్చేసరికే మర్చిపోతారు.

ఇక వంట. చర్చిలో అందరం కలిసి తినే ప్రేమవిందుకి బగారా అన్నం, కోడికూర నా మీదే. తెల్లారకముందే లేచి, కళ్లు మండుతూ ఉల్లిపాయలు ఎర్రగా వేయిస్తే, మొదటి ముద్దకే “షాజీరా తగ్గిందమ్మా” అట. గిన్నె మాత్రం అడుగంటా ఊడ్చేశారు! అంట్లు తోమేటప్పుడు ఈ సలహాదారులంతా ఎక్కడుంటారో? పరిచర్యంటే మైకు పట్టుకోవడమేనా?