పెట్టె లేని వీరుడు వీరుడే కాడు

పాత జపాన్ పతకాలు, బ్యాడ్జీలు సేకరించే పెద్దమనుషులంటే లోకానికి ఎందుకో చిన్నచూపు. పనీపాటా లేనివాళ్లనీ, ఎవడో సంపాదించిన గౌరవాన్ని డబ్బు పెట్టి కొనుక్కుంటారనీ అంటారు. ఇంతకన్నా అన్యాయం ఉండదు. వాళ్లు గౌరవం కొనడం లేదు, పెట్టె కొంటున్నారు. గౌరవం లోపల ఉంటే సంతోషం. లేకపోతే దాన్ని విడిగా వెతికి కొనుక్కుంటారు.

తెలియనివాళ్ల కోసం కాస్త పూర్వాపరాలు చెప్పాలి. మెయిజీ చక్రవర్తి కాలంలో, 1875లో, జపాన్ ప్రభుత్వం ఉదయసూర్యుడి పేరుతో ఒక బిరుదు పెట్టింది. 1888లో పవిత్ర నిధి పేరుతో ఇంకొకటి వచ్చింది. 1890లో, కేవలం యుద్ధంలో తెగువ చూపినవాళ్ల కోసం, బంగారు గద్ద పేరుతో మరొకటి పెట్టారు. పూర్వం జిమ్ము చక్రవర్తి విల్లు మీద ఒక బంగారు గద్ద వచ్చి వాలిందనీ, దాని కాంతికి శత్రువుల కళ్లు బైర్లు కమ్మాయనీ పురాణం. మొదటి రెండు బిరుదులకు ఎనిమిదేసి తరగతులు, గద్దకు ఏడు. పై తరగతులు జనరళ్లకు, మంత్రులకు. అడుగున ఉన్నవి బురదలో పాకినవాళ్లకు. 1947లో గద్ద బిరుదు రద్దయ్యే నాటికి దాన్ని పది లక్షల మందికి పైగా అందుకున్నారు. వాళ్లలో చాలామందివి కింది తరగతులే.

ఉదయసూర్యుడి ఎనిమిదో తరగతి పతకంలో అసలు సూర్యుడే ఉండడు. కిరి చెట్టు ఆకులూ పూలూ ఉంటాయి, సాదా వెండివి. ఏడో తరగతికి అవే ఆకుల మీద ఎనామెల్ రంగు వేసి ఇచ్చారు. సూర్యుడి దాకా వెళ్లాలంటే ఆరో తరగతికి ఎక్కాలి. కచేరీల్లో బిళ్ల బంట్రోతును చూసిన జాతికి ఈ మెట్లు ప్రత్యేకంగా వివరించక్కర్లేదు.

సరే, పతకం సంగతి అయిపోయింది. అసలు విషయానికి వద్దాం.

పెట్టె చెక్కది. పైన ఉరుషి చెట్టు జిగురుతో నల్లటి నిగనిగలాడే పూత. మూత మీద బిరుదు పేరు మెరిసే అక్షరాల్లో ఉంటుంది. ముందు వైపు ఒక బుల్లి కొక్కెం. తెరిస్తే లోపల మఖమల్, అందులో పతకం కుదురుకోవడానికి గుంట. ఈ గుంట దగ్గరే సేకర్త ప్రాణమంతా ఉంటుంది. నిజమైన పతకం నిజమైన పెట్టెలో ఎనభై తొంభై ఏళ్లు పడుకుంటే దాని వెనక ఉన్న గుబ్బలూ అంచులూ ఒత్తుకుని మఖమల్ నూగు అణిగిపోతుంది. వెండి నల్లబడిన చోట గుడ్డకూ మసక అంటుతుంది. పతకం తీసి, టార్చి ఏటవాలుగా పట్టి, కళ్లకు భూతద్దం పెట్టుకుని ఆ అచ్చు చూడాలి. పతకం అంచు ఒకచోట, అచ్చు ఇంకోచోట ఉన్నాయంటే ఈ రెండూ ఎక్కడో సంతలో కలిసిన జంట అన్నమాట. అది తేలిన క్షణంలో సేకర్త ముఖం చూడాలి. కన్నకూతురి సంబంధం తప్పిపోయినా మనిషి అంత కుంగిపోడు.

పరీక్ష అక్కడితో ఆగదు. మూత మీద అక్షరాలు అడ్డంగా రాసి ఉంటే కుడి నుంచి ఎడమకు నడవాలి. యుద్ధానికి ముందు పద్ధతి అది. ఎడమ నుంచి కుడికి నడిచాయంటే పెట్టె తర్వాతి కాలానిదని అనుమానించాలి. అక్షరాల రూపం కూడా చూడాలి. 1946 నుంచి జపాన్ ప్రభుత్వం చాలా అక్షరాలను గీతలు తగ్గించి సులువు చేసింది. 1904-05 నాటి రష్యా-జపాన్ యుద్ధం కాలపు పెట్టె అని చెప్పిన దాని మీద ఆ కొత్త అక్షరం కనిపించిందంటే, తాతగారి పెళ్లి ఫొటోలో సెల్‌ఫోన్ కనిపించినట్టే. ఆపైన రిబ్బను. చీకటి గదిలో అతినీలలోహిత లైటు వేస్తే పాత పట్టు మందకొడిగా ఉండిపోతుంది. ఈ కాలపు తెలుపు రసాయనం తగిలిన దారం నీలంగా వెలుగుతుంది. అయినా నమ్మకం కుదరకపోతే కొస నుంచి ఒక పోగు లాగి కాల్చాలి, వెంట్రుక కాలిన వాసన వస్తే పట్టు. ఆ విధంగా చరిత్రను కాపాడే పనిలో చరిత్ర కొంచెం కొంచెంగా కాలిపోతూ ఉంటుంది. శాస్త్రం అన్నాక తప్పదు.

ఇదంతా పిచ్చి అనేవాళ్లు జపాన్ టీ గిన్నెల చరిత్ర చదవాలి. అక్కడ మంచి గిన్నెకు కిరి చెక్కతో పెట్టె చేయించి, మూత మీద కుమ్మరి చేతో, టీ గురువు చేతో సంతకం పెట్టించడం శతాబ్దాల ఆచారం. సంతకం ఉన్న పెట్టె పోతే గిన్నె ధర పడిపోతుంది. ఆ పెట్టెకు దెబ్బ తగలకూడదని దానికి ఇంకో పెట్టె చేయిస్తారు. 'పై పటారం, లోన లొటారం' అని మన పెద్దలు ఎగతాళి చేశారు గానీ, పటారాన్నే పద్దుగా రాసుకుని దాచిన నాగరికత ముందు ఆ సామెత నిలవదు. పతకాల సేకర్త ఆ గొప్ప పరంపరకు వారసుడు. కాకపోతే గిన్నెలో టీ అయినా తాగొచ్చు.

వస్తువు మాట కన్నా పెట్టె మాటే ఎందుకు నమ్మాలో రెడ్‌క్రాస్ పతకం చెబుతుంది. జపాన్ రెడ్‌క్రాస్ సభ్యత్వ పతకం మీద మెయిజీ 21 అని ఉంటుంది, అంటే మెయిజీ శకంలో ఇరవై ఒకటో ఏడు, 1888. అది పతకాన్ని ఏర్పాటు చేసిన సంవత్సరం. ఆ తర్వాత దశాబ్దాల తరబడి చందా కట్టిన లక్షల మందికి అదే సంవత్సరంతో పతకాలు పంచారు. 1930ల్లో ఒసాకాలో ఒక బట్టల వ్యాపారి చందా కట్టి తెచ్చుకున్న పతకం కూడా ఇవాళ అమెరికా, యూరప్ అమ్మకందార్ల చేతిలో '1888 నాటి అరుదైన యుద్ధ పతకం' అయిపోతోంది. ఆ వ్యాపారి జన్మలో తుపాకీ చప్పుడు విని ఉండడు. చందా రసీదు మాత్రం జాగ్రత్తగా దాచి ఉంటాడు. అదే పెట్టెలో దొరికితే ధర ఇంకా పెరుగుతుంది.

ఇంకొక పతకం మరీ గొప్పది. రెండో ప్రపంచ యుద్ధంలో తాము చేసిన పోరుకు జపాన్ పెట్టుకున్న పేరు మహా తూర్పు ఆసియా యుద్ధం. ఆ పేరుతో 1944లో శాసనం చేసి పతకం పెట్టారు. పంచేలోపే యుద్ధం ఓటమితో ముగిసింది. ఏ సైనికుడి ఛాతీ మీదికీ ఎక్కని పతకం అది. అయినా 'ఒక వీరుడి కుటుంబం నుంచి, వాడిన గుర్తులతో' అంటూ అమ్మకానికి వస్తూనే ఉంటుంది. ఎవరు వాడారో, ఏ యుద్ధంలో వాడారో అడగడం అమర్యాద.

ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తున్నాయంటే, ఇళ్లలోంచి. జపాన్ ప్రభుత్వం 2023లో లెక్కపెడితే దేశంలో దాదాపు 90 లక్షల ఇళ్లు ఖాళీగా తేలాయి. మామ్మ పోతుంది, మనవడు టోక్యోలో ఉంటాడు, ఇల్లు ఖాళీ చేయడానికి మనుషుల్ని మాట్లాడతాడు. బీరువా అడుగున, కిమోనోల కింద నల్ల పెట్టె దొరుకుతుంది. అక్కడి నుంచి వ్యాపారి చేతికి, ఆన్‌లైన్ వేలానికి, లేదంటే క్యోటో తోజీ గుడి దగ్గర ప్రతి నెలా 21న జరిగే సంతలో దుప్పటి మీదికి. పతకంతో పాటు ప్రభుత్వ ముద్ర వేసిన బిరుదు పత్రం కూడా దొరకొచ్చు, కుంచెతో రాసిన పేరుతో సహా. వ్యాపారి తెలివైనవాడైతే పత్రం విడిగా, పతకం విడిగా, ఖాళీ పెట్టె విడిగా అమ్ముతాడు. మూడూ ఒకచోట ఉంటే 'పూర్తి సెట్' అంటారు. మనిషి ఆ సెట్‌లో లెక్కకు రాడు. పత్రం మీద పేరు ఉందా లేదా అన్నది ముఖ్యం, ఆ పేరు ఎవరిదన్నది కాదు. కొనేవాళ్లలో చాలామందికి ఆ లిపి చదవడమే రాదు.

యుద్ధంలో చనిపోయినవాళ్ల ఇంటివాళ్లకు ఇచ్చిన బ్యాడ్జీ ఒకటుంది. చిన్నది. తల్లో, భార్యో పెట్టుకుని తిరగడానికి ఇచ్చారు. దానికీ పెట్టె ఉంది, దానికీ ధర ఉంది, దానికీ నకిలీలు పట్టే నిపుణులున్నారు. పిన్ను అరిగి ఉంటే కండిషన్‌లో ఒక మెట్టు తగ్గిస్తారు. ఆ తల్లి రోజూ పెట్టుకుని ఉంటుంది మరి, కొంచెం బాధ్యత లేని మనిషి. పెట్టెలోంచి తీయకుండా ఉంచిన తల్లిదైతే రేటు పలుకుతుంది.

ఇంత సేవ చేస్తున్న సేకర్తలకు ఇప్పటిదాకా ఒక గుర్తింపు లేకపోవడం మాత్రం బాధాకరం. 2003లో జపాన్ ప్రభుత్వం బిరుదులను సవరించి, తరగతుల అంకెలు తీసేసి, ఏడు, ఎనిమిది తరగతులను పూర్తిగా ఎత్తేసింది. ఆ రెండూ ఇరవై ఏళ్లకు పైగా ఊరికే పడి ఉన్నాయి కాబట్టి మా విన్నపం ఏమిటంటే, వాటిని సేకర్తలకు కేటాయించాలి. మూత తెరిచి వాసన చూసి ఏ దశాబ్దమో చెప్పగలవాడికి ఎనిమిదో తరగతి. ఒక ఖాళీ పెట్టె కోసం దానికి సరిపడే రెండో పతకం కొని, ఆ పతకానికి మళ్లీ పెట్టె లేదని మూడోది కొన్నవాడికి ఏడో తరగతి. సభలూ ఉపన్యాసాలూ అక్కర్లేదు. బడ్జెట్ ఇబ్బంది ఉంటే పతకం తర్వాత తీరిగ్గా చేయించుకోవచ్చు. ముందు పెట్టె పంపండి. అక్షరాలు కుడి నుంచి ఎడమకు ఉండాలి, కొక్కెం మార్చింది కాకూడదు.